కణం నుదుటి రాత ఎవరు రాస్తారు?



1891వ సంవత్సరం. మధ్యధరా సముద్ర తీరంలోని ఒక పరిశోధన కేంద్రంలో హాన్స్ డ్రీష్ అనే యువ జర్మన్ జీవశాస్త్రవేత్త సీ అర్చిన్ గుడ్లతో పని చేస్తున్నాడు. ఒళ్లంతా ముళ్లుండే చిన్న సముద్రజీవి సీ అర్చిన్. ఫలదీకరణ జరిగిన దాని గుడ్డు మొదటిసారి చీలి రెండు కణాలు కాగానే, డ్రీష్ ఆ పిండాలను సముద్రపు నీళ్లున్న గాజు గొట్టంలో పోసి గట్టిగా కుదిపాడు. కొన్నింటిలో ఆ రెండు కణాలూ విడిపోయాయి. విడిపోయిన ఒక్కో కణం ఏమవుతుందో చూడాలని కనిపెట్టుకుని ఉన్నాడు.

సగం పిండమే వస్తుందని ఆయన ఎదురుచూశాడు. దానికి కారణం ఉంది. మూడేళ్ల ముందే, 1888లో, విల్‌హెల్మ్ రూ అనే మరో జర్మన్ శాస్త్రవేత్త రెండు కణాల దశలో ఉన్న కప్ప పిండంలో ఒక కణాన్ని కాల్చిన సూదితో పొడిచి చంపాడు. మిగిలిన కణం నుంచి సగం పిండమే పెరిగింది. దాంతో ప్రతి కణానికీ దాని వాటా ఏమిటో మొదటి నుంచే నిర్ణయమై ఉంటుందని, ఎడమ సగం చేసేది ఒకటి, కుడి సగం చేసేది మరొకటి అని అనుకున్నారు.

డ్రీష్ చూసింది వేరు. విడిపోయిన ప్రతి కణం నుంచీ పూర్తి పిల్లజీవి వచ్చింది. సైజు చిన్నది, అంతే. అవయవాలన్నీ ఉన్నాయి. సగం నుంచి మొత్తం పుట్టింది!

రూ ప్రయోగంలో జరిగిందేమిటో తర్వాత తెలిసింది. చచ్చిన కణం బతికిన కణానికి అంటుకునే ఉండిపోయింది. పక్కన ఏదో ఉందన్న సమాచారం బతికిన కణానికి అందుతూనే ఉంది. దాన్ని పూర్తిగా తొలగిస్తే కప్ప కణం కూడా మొత్తం పిండాన్ని చేయగలదని 1910లో తేలింది. ఎలుకలోనూ అంతే. 1959లో పోలండ్ శాస్త్రవేత్త ఆంజెయ్ తర్కోవ్‌స్కీ రెండు కణాల ఎలుక పిండంలో ఒకదాన్ని నాశనం చేసి, మిగిలిన ఒక్క కణం నుంచి పూర్తి ఎలుక పుడుతుందని చూపించాడు. 1961లో ఇంకో అడుగు ముందుకు వేసి, రెండు వేరువేరు పిండాలను కలిపితే ఒకే ఎలుక వస్తుందని నిరూపించాడు. మనుషుల్లో అయితే మన ఇళ్లలోనే దీనికి సాక్ష్యం ఉంది. ఒకే పోలికతో పుట్టే కవలలు ఒకే పిండం తొలి రోజుల్లో రెండుగా విడిపోవడం వల్ల పుట్టినవాళ్లే. వాళ్లలో ఎవరూ సగం మనిషి కాదు.

ఇప్పుడు డ్రీష్‌కు ఎదురైన చిక్కు ఆలోచించండి. ఏ యంత్రాన్నైనా రెండుగా కోస్తే రెండు పూర్తి యంత్రాలు రావు. మరి పిండాన్ని కోస్తే వస్తున్నాయే! కాబట్టి పిండం యంత్రం కాదు, భౌతికశాస్త్రానికీ రసాయనశాస్త్రానికీ అందని జీవశక్తి ఏదో దాన్ని నడిపిస్తోందని ఆయన తీర్మానించాడు. ఆ శక్తికి అరిస్టాటిల్ వాడిన ఎంటెలెకీ అన్న పేరు పెట్టాడు. క్రమంగా ప్రయోగాలు వదిలేసి, తత్త్వశాస్త్ర ఆచార్యుడుగా స్థిరపడ్డాడు.

ఆయన్ను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన ప్రశ్న చాలా గొప్పది. కణానికి తన భవిష్యత్తు ముందే తెలియకపోతే, పైనుంచి చెప్పేవాడెవరూ లేకపోతే, ఏ కణం గుండె కావాలో, ఏ కణం మెదడు కావాలో, ఏది మాయలో భాగం కావాలో ఎలా తేలుతుంది? ఒక కణం పోతే మిగిలినవి లెక్క సరిచేసుకోవాలని వాటికి ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడంలో జీవశాస్త్రానికి గణితం ఎలా తోడైందో ఈ రోజు మీతో పంచుకుంటాను.

మొదటి పెద్ద అడుగు 1952లో పడింది. వేసింది అలన్ ట్యూరింగ్. కంప్యూటర్ అనే భావనకు పునాది వేసిన ఆంగ్లేయుడు ఆయనే. మాంచెస్టర్‌లో ఉండగా పిండంలో ఆకారాలు ఎలా పుడతాయన్నదాని మీద ఒక పరిశోధన పత్రం రాశాడు. దాని సారం ఇది. రెండు రసాయనాలు ఉన్నాయనుకోండి. అవి ఒకదాని తయారీని మరొకటి ప్రభావితం చేస్తూ, కణం నుంచి కణానికి వేరువేరు వేగాలతో వ్యాపిస్తున్నాయి. మామూలుగా వ్యాపనం తేడాలను చెరిపేస్తుంది. నీళ్లలో వేసిన రంగు చివరికి అంతటా సమంగా పరుచుకుంటుంది కదా. కానీ ఆ రెండు రసాయనాల మధ్య సంబంధం ఒక ప్రత్యేక పద్ధతిలో ఉంటే, వ్యాపనమే తేడాలను పెంచుతుందని ట్యూరింగ్ లెక్కకట్టి చూపించాడు. అంతటా ఒకేలా ఉన్న చోట చుక్కలు, చారలు వాటంతట అవే ఏర్పడతాయి. గీసే చెయ్యి లేదు. ముందే వేసుకున్న బొమ్మ లేదు. 1972లో జర్మనీ శాస్త్రవేత్తలు ఆల్‌ఫ్రెడ్ గీరర్, హాన్స్ మైన్‌హార్ట్ ఆ ప్రత్యేక సంబంధం ఎలా ఉండాలో స్పష్టం చేశారు. ప్రోత్సాహం దగ్గరికే పరిమితం కావాలి, నిరోధం దూరం దాకా పాకాలి. అప్పుడే ఆకారం నిలుస్తుంది.

రెండో అడుగు బ్రిటిష్ శాస్త్రవేత్త లూయిస్ వుల్‌పర్ట్‌ది. 1969లో ఆయన ఒక సూటి ఆలోచన ముందు పెట్టాడు. కణం తాను ఎక్కడ ఉందో తెలుసుకుంటే చాలు, ఏం కావాలో నిర్ణయించుకోగలదు. ఒక చివర నుంచి ఒక రసాయనం వ్యాపిస్తుంది. ఆ చివర దట్టంగా, దూరం పోయేకొద్దీ పల్చగా ఉంటుంది. ఆ గాఢతను కొలుచుకుని కణం తన స్థానాన్ని గుర్తిస్తుంది. గాఢత ఒక హద్దుకు పైన ఉంటే ఒక రకం, మధ్యలో ఉంటే రెండో రకం, కింద ఉంటే మూడో రకం. ఫ్రాన్స్ జెండాలో మూడు రంగుల పట్టీలు ఎలా ఏర్పడాలి అన్న ప్రశ్నగా ఆయన దీన్ని పెట్టాడు. పిండం పొడవు తగ్గినా మూడు పట్టీలూ అదే నిష్పత్తిలో రావాలి, అసలు సమస్య అదీ అన్నాడు. డ్రీష్ ప్రశ్నకే ఇది గణిత రూపం.

ఇలాంటి రసాయనం నిజంగా ఉందా? ఉంది. 1988లో జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ డ్రీవర్, క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్‌హార్ట్ పండ్ల ఈగ పిండంలో దాన్ని చూపించారు. మనం అరటిపండ్ల గెల దగ్గర చూసే సన్నని ఈగ లాంటిదే ఇది. దాని గుడ్డు పొడవు అర మిల్లీమీటరు. తల్లి ఈగ గుడ్డులో తల రావలసిన చివర బైకాయిడ్ అనే ప్రోటీన్‌కు కావలసిన సందేశాన్ని ఉంచుతుంది. ప్రోటీన్ తయారై తోక వైపు వ్యాపిస్తుంది. గుడ్డు పొడవులో ఐదో వంతు దూరం దాటిన ప్రతిసారీ దాని గాఢత మూడో వంతుకు కాస్త పైన మాత్రమే మిగులుతుంది. తల ఎక్కడ, రొమ్ము భాగం ఎక్కడ అన్నది ఈ తగ్గుదలను బట్టే తేలడం మొదలవుతుంది.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. కణంలో అణువులు నిలకడగా ఉండవు. వచ్చిపోతుంటాయి, ఢీకొంటుంటాయి. ఒకే చోట ఉన్న రెండు కణాలకు గాఢత కొంచెం వేరుగా కనబడుతుంది. ఇంత గందరగోళంలో కణం తన చిరునామా ఎంత కచ్చితంగా తెలుసుకోగలదు? ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో థామస్ గ్రెగర్, విలియం బియాలెక్, వాళ్ల సహచరులు 2007 నుంచి దీన్ని కొలుస్తూ వచ్చారు. బైకాయిడ్ తర్వాత పనిలోకి దిగే నాలుగు జన్యువుల స్థాయిలను కలిపి చదివితే, గుడ్డు పొడవులో దాదాపు 1 శాతం తేడాతో స్థానం తెలిసిపోతుందని తేల్చారు. అంటే పక్క కణానికీ తనకీ మధ్య ఉన్నంత దూరం. పుట్టి కొద్ది గంటలైనా కాని పిండంలో అంత కచ్చితత్వం!

ఈ లెక్కలో ఒక తెలుగువాడి ఆలోచన ఉంది. తప్పులతో నిండిన కొలతల నుంచి ఒక విలువను అంచనా వేసేటప్పుడు, ఎంత తెలివైన పద్ధతి వాడినా ఆ అంచనాలో పొరపాటు ఒక హద్దుకన్నా తగ్గదు. ఆ హద్దు ఎంతో చెప్పే సూత్రాన్ని 1945లో 25 ఏళ్ల వయసులో ప్రచురించినవాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. ప్రపంచమంతా సి.ఆర్. రావు అని పిలుచుకున్న మహా గణాంకవేత్త, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదువుకున్నవాడు. స్వీడన్ గణితవేత్త హరాల్డ్ క్రామర్ కూడా విడిగా అదే ఫలితానికి చేరుకున్నాడు గనుక దాన్ని క్రామర్-రావు హద్దు అంటారు. కణం గాఢతను కొలిచి స్థానాన్ని అంచనా వేస్తోంది అని మనం అన్నప్పుడు, ఆ అంచనా ఎంత బాగుండగలదో లెక్కించడానికి పరిశోధకులు వాడే గణితం ఈ కుదురులోనిదే. రావుగారికి జీవశాస్త్రం పరాయిది కాదు. సూడాన్‌లో దొరికిన పురాతన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడానికి కేంబ్రిడ్జి వెళ్లి, జన్యుశాస్త్ర ఆచార్యుడైన రొనాల్డ్ ఫిషర్ దగ్గర డాక్టరేట్ చేశాడు.

సరే, ఈగ గుడ్డుకు తల్లి ఒక చివరను గుర్తుపెట్టి ఇచ్చింది. క్షీరదాల సంగతి అలా కాదు. ఎలుక పిండంలోనూ, మన పిండంలోనూ తొలి కణాలకు అలాంటి గుర్తు అందినట్టు కనిపించదు. అక్కడ కణాలు ఎలా తేల్చుకుంటాయి? నాకు అన్నిటికన్నా అద్భుతంగా తోచే కథ ఇదే. కాస్త నిదానంగా చెబుతాను.

ఎలుక పిండం వయసు మూడున్నర రోజులు. ఇంకా గర్భాశయం గోడకు అంటుకోలేదు. అప్పటికి ఒక నిర్ణయం జరిగిపోయింది. బయట వరసలో ఉన్న కణాలు మాయ తయారీకి వెళ్లాయి. లోపల ఒక మూలకు చేరిన కణాల ముద్ద మిగిలింది. ఆ ముద్దలోని ప్రతి కణం ముందూ ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి ఎపిబ్లాస్ట్. ఆ దారి పట్టిన కణాల నుంచే ఎలుక శరీరం దాదాపు మొత్తం వస్తుంది. రెండోది ప్రిమిటివ్ ఎండోడెర్మ్. ఇది ప్రధానంగా పిండాన్ని పోషించే సొన సంచిలో భాగమవుతుంది. శరీరం కావడమా, శరీరానికి పోషణ కావడమా అన్నంత పెద్ద ఎంపిక ఇది. రెండూ తగిన పాళ్లలో ఉంటేనే పిండం నిలుస్తుంది.

ఈ ఎంపికలో రెండు ప్రోటీన్లది ముఖ్యపాత్ర. ఒకటి నానోగ్, రెండోది గాటా-6. నానోగ్ గెలిస్తే ఎపిబ్లాస్ట్, గాటా గెలిస్తే ప్రిమిటివ్ ఎండోడెర్మ్. మొదట ప్రతి కణంలోనూ రెండూ ఉంటాయి. కొన్ని గంటలు గడిచేసరికి కొన్నింటిలో నానోగ్ మాత్రమే, కొన్నింటిలో గాటా మాత్రమే మిగులుతుంది. విచిత్రమేమిటంటే ఇవి ఒక పక్క అవి, ఒక పక్క ఇవిగా ఏర్పడవు. కలగాపులగంగా, ఇక్కడొకటి అక్కడొకటిగా ఏర్పడి, తర్వాత కదిలి తమ తమ చోట్లకు చేరతాయి. ఫ్రాన్స్‌కు చెందిన క్లెయిర్ షాజో, ఆమె సహచరులు 2006లో ఈ కలగాపులగాన్ని బయటపెట్టారు. చిరునామా చూసుకుని నిర్ణయం తీసుకోవడం అన్న వివరణ ఇక్కడ సరిపోదు. పక్కపక్కనే ఉన్న రెండు కణాలు వేరు దారులు పడుతున్నాయి కదా!

షాజో బృందం బెల్జియంలోని బ్రస్సెల్స్‌కు చెందిన జెన్‌వియెవ్ ద్యుపాన్, దిదియె గోన్జ్ తదితర గణిత నిపుణులతో చేతులు కలిపింది. 2014లో వాళ్లు ఒక గణిత నమూనాను ప్రచురించారు. ఆ నమూనా గుండెకాయ ఏమిటో మాటల్లోనే చెప్పవచ్చు.

కణంలో నానోగ్ పరిమాణం మారే వేగం ఎంత? తయారయ్యే వేగంలోంచి నశించే వేగాన్ని తీసేస్తే ఎంతో అంత. గాటాకూ అదే లెక్క. ఇలాంటి సమీకరణాలనే అవకలన సమీకరణాలు అంటాం. నానోగ్ తయారీ వేగం గాటా మీద ఆధారపడి ఉంటుంది, గాటా ఎక్కువైతే నానోగ్ తయారీ తగ్గుతుంది. అలాగే నానోగ్ ఎక్కువైతే గాటా తయారీ తగ్గుతుంది. ఇంకా, ప్రతి ఒక్కటీ తన తయారీని తానే పెంచుకుంటుంది కూడా. ఇక్కడొక కీలకమైన షరతు ఉంది. ఈ ప్రభావం మెల్లమెల్లగా సమపాళ్లలో పెరిగితే ఏ నిర్ణయమూ జరగదు. రెండూ మధ్యస్థంగా ఎక్కడో ఆగిపోతాయి. ఒక హద్దు వరకు ప్రభావం స్వల్పంగా ఉండి, హద్దు దాటగానే బాగా పెరగాలి. అప్పుడు సమీకరణాలకు ఒకటికి మించి నిలకడైన జవాబులు వస్తాయి. ఒకటి, నానోగ్ ఎక్కువ, గాటా తక్కువ. రెండోది, గాటా ఎక్కువ, నానోగ్ తక్కువ. ఈ నమూనాలో మూడోదీ ఉంది. రెండూ ఓ మోస్తరుగా ఉండే స్థితి. అది ఇంకా తేల్చుకోని కణం.

నిలకడైన స్థితి అన్న భావనను కొంచెం పట్టి చూడండి. కణం ఆ స్థితి నుంచి కొద్దిగా పక్కకు జరిగినా మళ్లీ అక్కడికే వస్తుంది. చర్మకణం రోజూ ఎన్ని ఒడుదొడుకులకు లోనైనా చర్మకణంగానే ఉండడానికి ఈ నిలకడే కారణం. సమీకరణాలకు ఉండే నిలకడైన జవాబులే కణాల రకాలు అన్న ఈ ఊహ పాతదే. అమెరికన్ శాస్త్రవేత్త స్టువర్ట్ కాఫ్‌మన్ 1969లోనే దాన్ని ప్రతిపాదించాడు. పరస్పరం అణచుకునే రెండు జన్యువులతో నిజంగానే రెండు నిలకడైన స్థితులు వస్తాయా అన్న అనుమానం 2000 సంవత్సరంలో తీరింది. బోస్టన్‌లో జేమ్స్ కాలిన్స్ బృందం అలాంటి జన్యువుల జంటను సమీకరణాల ప్రకారం రూపొందించి బాక్టీరియాలో పెట్టింది. బాక్టీరియా ఒక స్థితి నుంచి మరో స్థితికి మారి, మార్చిన సంకేతాన్ని తీసేశాక కూడా అక్కడే నిలిచింది. కాగితం మీది లెక్క కణంలో పనిచేసింది.

ఇంతవరకు ఒంటరి కణం సంగతి. ఎలుక పిండంలో అసలు విశేషం కణాల మధ్య జరిగే సంభాషణలో ఉంది. నానోగ్ ఎక్కువగా ఉన్న కణం ఎఫ్‌జీఎఫ్-4 అనే ప్రోటీన్‌ను బయటికి వదులుతుంది. ఆ ప్రోటీన్ చుట్టుపక్కల కణాలకు చేరి, వాటిలో గాటాను పెంచి నానోగ్‌ను తగ్గిస్తుంది. అంటే ఎపిబ్లాస్ట్ దారి పట్టిన ప్రతి కణమూ తన పొరుగువాళ్లను రెండో దారి వైపు నెడుతుంది.

మన పల్లెల్లో రైతు ఏ పంట వేయాలో తేల్చుకునేటప్పుడు పక్క చేల వైపు చూస్తాడు. ఊరంతా మిర్చి వేస్తున్నారని తెలిస్తే ధర పడిపోతుందని కొందరు పత్తికి మళ్లుతారు. పత్తి మరీ ఎక్కువైందనిపిస్తే ఇంకొందరు మిర్చికి వస్తారు. ఊరికి ఎన్ని ఎకరాల మిర్చి, ఎన్ని ఎకరాల పత్తి అని ఎవరూ ఆజ్ఞ వేయలేదు. అయినా పాళ్లు కుదురుతాయి. పిండంలో కణాలు చేసేది ఇదే. ఇరుగుపొరుగు ఏం ఎంచుకున్నారన్న సమాచారం ఎఫ్‌జీఎఫ్-4 గాఢత రూపంలో ప్రతి కణానికీ అందుతుంది. దాన్ని బట్టి అది తన దారి చూసుకుంటుంది.

కంప్యూటర్‌లో కొన్ని కణాలను పక్కపక్కన పేర్చి ఈ సమీకరణాలను నడిపితే ఏం జరిగింది? అన్ని కణాలూ దాదాపు ఒకేలా మొదలయ్యాయి. వాటికి అందే ఎఫ్‌జీఎఫ్-4లో చిన్న చిన్న తేడాలు మాత్రమే ఉంచారు. ఆ చిన్న తేడాలు చాలు. ఏదో ఒక కణం కొంచెం ముందుగా నానోగ్ వైపు ఒరిగింది. పొరుగు కణాలు గాటా వైపు జరిగాయి. చివరికి నిజమైన పిండంలో కనిపించినట్టే రెండు రకాలూ కలగాపులగంగా, తగిన పాళ్లలో ఏర్పడ్డాయి.

నమూనా బాగా కుదిరిందని సంబరపడితే సరిపోదు. దాన్ని పరీక్షకు పెట్టాలి. ఎఫ్‌జీఎఫ్ సంకేతాన్ని ఆపేస్తే లోపలి కణాలన్నీ నానోగ్ వైపు పోవాలి అని లెక్క చెబుతుంది. మందులతో ఆపి చూశారు, అలాగే పోయాయి. ఎఫ్‌జీఎఫ్-4ను బయటి నుంచి ఎక్కువగా పోస్తే అన్నీ గాటా వైపు రావాలి. వచ్చాయి. గాటా జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి లేని ఎలుకల్లో పాళ్లు ఎపిబ్లాస్ట్ వైపు ఒరగాలి. ఒరిగాయి.

2020లో న్యూయార్క్‌లోని అన్నా-కాటెరీనా హజాన్టోనాకిస్ బృందం డ్రీష్ ప్రశ్ననే ఇంకా సూక్ష్మంగా అడిగింది. పిండంలో ఒక రకానికి చెందిన కొన్ని కణాలను లేజర్‌తో తీసేశారు. ఇంకా తేల్చుకోని కణాలు మిగిలి ఉన్నంతకాలం, అవి తగ్గిన రకం వైపు ఎక్కువగా వెళ్లి పాళ్లను తిరిగి సరిచేశాయి. మరోవైపు ఎపిబ్లాస్ట్ లాంటి కణాలను అదనంగా కలిపి చూశారు. అప్పుడు పిండం సొంత కణాలు రెండో దారికి ఎక్కువగా మళ్లాయి. అన్ని కణాలూ తేల్చుకున్న తర్వాత మాత్రం ఈ సర్దుబాటు ఆగిపోయింది. ఎఫ్‌జీఎఫ్-4 ద్వారా కణాలు ఒకదాన్నొకటి ప్రభావితం చేస్తాయన్న ఒక్క నియమంతో రాసిన చిన్న నమూనా ఈ మొత్తం ప్రవర్తనను చెప్పగలిగింది.

డ్రీష్‌కు అసాధ్యమనిపించిన చిక్కుముడి ఇక్కడ విడిపోయింది. ఆయన ఊహించిన యంత్రంలో ప్రతి భాగానికీ దాని పని ముందే రాసి ఉంది. అందుకే ఒక భాగం పోతే ఆ పని చేసేవాడు లేకుండా పోతాడు. నిజమైన పిండంలో రాసి ఉన్నది పని కాదు, సంబంధం. నా చుట్టూ ఇవి ఎక్కువైతే నేను అది అవుతాను అన్న నియమం ప్రతి కణంలోనూ ఉంది. కణాలు సగమే మిగిలినా ఆ నియమం చెక్కుచెదరదు. అదే నియమం సగం కణాల మీద పనిచేసి, అదే పాళ్లను మళ్లీ తెస్తుంది. సగం నుంచి మొత్తం రావడానికి మార్మిక శక్తి అక్కర్లేదు. కణం నుదుటి మీద ఎవరూ ముందే రాయలేదు. అది తన పొరుగువారితో కలిసి, ఆ క్షణాన, రాసుకుంటుంది.

ఈ సంగతి మాటల్లో చెప్పేశాం కదా, మరి సమీకరణాలెందుకు అని మీకు అనిపించవచ్చు. మాటలకు ఒక బలహీనత ఉంది. రెండు ప్రోటీన్లు ఒకదాన్నొకటి అణచుకుంటాయి అన్న వాక్యం వినగానే ఏదో ఒకటి గెలుస్తుందని తోస్తుంది. ఆ అణచివేతకు హద్దు దగ్గర తీవ్రత లేకపోతే ఎవరూ గెలవరని ఇందాక చెప్పుకున్నాం. ఆ సంగతి మాటలు చెప్పలేదు, సమీకరణం చెప్పింది. ఎంత తీవ్రత ఉండాలో కూడా అదే చెబుతుంది. ఏది జరగడానికి వీల్లేదో తెగేసి చెప్పగలదు గనుకనే గణిత నమూనాకు విలువ. అది తప్పు అయితే ప్రయోగంలో దొరికిపోతుంది. ఏం జరిగినా సరిపోయే వివరణ మనకు ఏమీ నేర్పదు. ఎంటెలెకీలో ఉన్న లోపం అదే, దాన్ని తప్పని చూపగల ప్రయోగం లేదు.

ఈ దారిలో ఇబ్బందులూ ఉన్నాయి. ఒక కణంలో వేలాది జన్యువులు పనిచేస్తాయి. ప్రతిదానికీ ఒక సమీకరణం రాస్తే, అందులో కొలవడానికి వీలుకాని సంఖ్యలు గుట్టలుగా పేరుకుంటాయి. ఆ సంఖ్యలను ఇష్టం వచ్చినట్టు సవరిస్తూ పోతే ఏ ఫలితాన్నైనా రప్పించవచ్చు. అందుకే కొందరు వేరే దారి ఎంచుకున్నారు. బ్రిటన్‌కు చెందిన కాన్రాడ్ వాడింగ్టన్ 1957లో ఒక చిత్రం గీశాడు. కొండ మీది నుంచి ఒక బంతి కిందికి దొర్లుతోంది. ముందు ఒకే లోయ, తర్వాత అది రెండుగా, నాలుగుగా చీలుతుంది. బంతి కణం, లోయలు దాని ముందున్న దారులు. చాలాకాలం ఇది కేవలం బొమ్మగానే ఉండిపోయింది. ఫ్రెంచి గణితవేత్త రెనె తోమ్ దీన్ని గట్టిగా పట్టుకున్నాడు. ఇలాంటి నేల ఆకారం కొద్ది కారణాల వల్ల మారుతున్నప్పుడు, లోయలు పుట్టే, కలిసిపోయే పద్ధతులు కొన్ని రకాలే ఉంటాయని ఆయన నిరూపించాడు. నాలుగు వరకు కారణాలుంటే ఏడే రకాలు.

ఈ శతాబ్దంలో ఫ్రాన్సిస్ కోర్సన్, ఎరిక్ సిగ్గియా అనే ఇద్దరు భౌతికశాస్త్రవేత్తలు ఈ ఆలోచనను ప్రయోగశాలకు తెచ్చారు. సీ. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పొడవున్న నులిపురుగులో ఆరు కణాలు వరుసగా ఉంటాయి, మూడు రకాల్లో ఏదో ఒకటి కావాలి. జన్యువుల పేర్లు పక్కన పెట్టి, మూడు లోయలున్న నేలను మాత్రమే గణితంలో రాసి, ఆ కణాల నిర్ణయాలను 2012లో వాళ్లు వివరించారు. కొన్ని ప్రయోగాల ఫలితాలతో నమూనాను సరిచేసి, దానితో మరికొన్నింటి ఫలితాలను ముందుగా చెప్పగలిగారు. 2022లో లండన్‌లో జేమ్స్ బ్రిస్కో, వారిక్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ రాండ్ తమ సహచరులతో కలిసి ఎలుక మూలకణాల మీద ఇదే మార్గంలో పనిచేశారు. కణం నిర్ణయం తీసుకునే తీరు అన్ని చోట్లా ఒకటి కాదని వాళ్లు చూశారు. ఒక చోట రెండు దారులూ ఒకేసారి తెరుచుకుంటాయి. ఇంకో చోట దారి ఒకటే ఉండి, సంకేతం అందినప్పుడు అది ఒక వైపు నుంచి మరో వైపుకు మళ్లుతుంది. ఇలాంటి తేడా కంటికి కనబడదు, లెక్కలోనే తెలుస్తుంది.

ఈ జ్ఞానంతో పనేమిటి? గర్భం నిలవకపోవడానికి చాలా కారణాలు ఈ తొలి రోజుల్లోనే ఉంటాయి. దెబ్బతిన్న గుండె కండరానికో, క్లోమంలో ఇన్సులిన్ చేసే కణాలకో బదులు కొత్త కణాలను పెంచాలంటే, మూలకణాన్ని ఏ సంకేతంతో, ఎంతసేపు, ఏ వరుసలో నడిపించాలో తెలియాలి. ప్రయత్నించి చూస్తూ పోతే ఆ వరుసలకు అంతుండదు. నేల ఆకారం తెలిస్తే వెతుకులాట తగ్గుతుంది. ఈ లెక్కలు ఆసుపత్రి గడప దాటడానికి ఇంకా చాలా పని ఉంది. ఆ పని చేసేవాళ్లు కావాలి.

అందుకే వింటున్న విద్యార్థులకూ, వాళ్ల అమ్మానాన్నలకూ ఒక మనవి. పదో తరగతి అయిపోగానే మన ఇళ్లలో ఒక ప్రశ్న లేస్తుంది. ఎంపీసీయా, బైపీసీయా? 15 ఏళ్ల పిల్లలు గణితాన్నో, జీవశాస్త్రాన్నో వదిలేస్తారు. బైపీసీ పిల్లల్లో చాలామంది లెక్కల బాధ తప్పిందనుకుంటారు. ఎంపీసీ పిల్లల్లో చాలామంది కణం గురించి మళ్లీ చదవరు. ఈ రోజు నేను చెప్పిన పని ఏదీ ఆ గోడకు ఒక పక్కనే ఉండి చేసింది కాదు. ట్యూరింగ్ గణితవేత్త, సిగ్గియా భౌతికశాస్త్రవేత్త, షాజో జీవశాస్త్రవేత్త. రావుగారు లెక్కలు చదివి, ఎముకల కొలతలు విశ్లేషించి, జన్యుశాస్త్రవేత్త దగ్గర శిష్యరికం చేశాడు.

కాబట్టి బైపీసీ చదువుతున్న అమ్మాయీ, అబ్బాయీ, కలన గణితం పుస్తకాన్ని అటక ఎక్కించకండి. మారే వేగం అంటే ఏమిటో, నిలకడైన స్థితి అంటే ఏమిటో ఈ రెండు సంగతులైనా నేర్చుకోండి. ఎంపీసీ చదువుతున్నవాళ్లూ, మీ సమీకరణాలకు రాకెట్లు, వంతెనలు మాత్రమే పని చెబుతాయనుకోకండి. అధ్యాపకులు ఎలుక పిండం లాంటి ఒక్క ఉదాహరణనైనా లెక్కల తరగతిలో చెప్పండి. డ్రీష్ ప్రశ్నకు మనకిప్పుడు కొంత జవాబు ఉంది. అది రెండు కణాల దశలో, నూరు కణాల దశలో సరిపోయిన జవాబు. కోట్ల కణాలతో ఒక చెయ్యి ఎంత పొడవు పెరిగాక ఆగాలో, రెండు చేతులూ ఒకే పొడవుకు ఎలా వస్తాయో ఇంకా లెక్క తేలలేదు. ఆ లెక్క తేల్చేది గణితమూ జీవశాస్త్రమూ రెండూ వచ్చినవాళ్లే. వాళ్లు మన పిల్లల్లోంచి రావాలని కోరుకుంటున్నాను.